టైరు కింద రాయి

మునీంద్ర చెప్పిన జబ్బు తప్పేది కాదు. బండి షెడ్డులోకి తిరుగుతున్న చప్పుడును బట్టే నాజిల్ పోయిందో, హెడ్ గాస్కెట్ కాలిందో చెప్పేసేవాడు. చెప్పింది చెప్పినట్టు విప్పి, బిగించి, పొద్దుగూకేలోగా తాళంచెవి చేతిలో పెట్టేవాడు. అయినా బండ్లవాళ్ళు అతని మాట విని ఊరికే వెళ్ళేవాళ్ళు కాదు. ఉస్తాదు నమాజుకు పోయుంటే, తిరిగొచ్చేదాకా బెంచీ మీద కూర్చునేవాళ్ళు.

అది మునీంద్రకు ముల్లులా గుచ్చుకునేది.

ఆ షెడ్డు చింతలకనుమ కింద, రోడ్డు పక్కనే ఉంది. టమోటా మార్కెట్టు కనుమ పైన. కింది ఊళ్ళలో పండిన కాయంతా పికప్ బండ్లలోనే ఆ కనుమ ఎక్కాలి. అందుకని షెడ్డు ముందు ఏ పొద్దు చూసినా పికప్‌లే నిలబడి ఉండేవి. ఉస్తాదు దస్తగిరికి వయసు మీద పడింది. చేతులు వణుకుతాయి కాబట్టి పానా పట్టడం మానేశాడు. పనంతా మునీంద్రదే. ముప్పై దాటినవాడు, పెళ్ళయి పిల్లలున్నవాడు, మీసాలు రాకముందు ఆ షెడ్డులో అడుగుపెట్టినవాడు. రేపోమాపో షెడ్డు అతనిదేనని ఊరంతా అనుకుంటూనే ఉంది. ఉస్తాదు మాత్రం ఆ మాట ఇంకా నోటితో అనలేదు.

ఉస్తాదు పద్ధతి వేరు. బండి వస్తే బండి దగ్గరికి వెళ్ళేవాడు కాదు. బండి తెచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టి, టీ తెప్పించి, "చెప్పు నాయనా" అనేవాడు. ఆ మనిషి చెప్పడం అయిపోయేదాకా బానెట్ ఎత్తనిచ్చేవాడు కాదు.

ఓనర్ల గోడు వినడమంటే మాటలు కాదు. ఒకాయన బండి అలిగిందంటాడు. ఎందుకు అలిగిందయ్యా అంటే, తన తమ్ముడు నడిపినప్పట్నుంచీ అంటాడు. ఇంకొకాయన బండి దగ్గుతోందంటూ తనే దగ్గి చూపిస్తాడు. ఆయిలు తాగేస్తోందని ఒకరు, గేరు జారిపోతోందని ఒకరు, తెల్ల పొగ వస్తోందని ఒకరు, పొగే రావడం లేదు, అదే భయంగా ఉందని మరొకరు. మధ్యలో కూతురి కాన్పూ, బోరు ఎండిపోయిన సంగతీ వస్తాయి. ఉస్తాదు అన్నీ వినేవాడు. మునీంద్ర పానాలు సర్దుకుంటూ పళ్ళు నూరేవాడు.

"సగం అబద్ధాలే కదా ఉస్తాద్ వీళ్ళు చెప్పేది," అన్నాడొకసారి. "లోడు ఎక్కువ ఏసినామని ఒక్కడన్నా ఒప్పుకుంటాడా? ఆయిల్ ఎప్పుడు మార్చినావంటే నిన్ననే అంటాడు. చూస్తే తారు మాదిరి ఉంటాది. ఇంజను అబద్ధం చెప్పదు. నేను ఇంజన్నే అడుగుతా."

"అబద్ధాలు చెప్తారు బేటా. నిజమే," అన్నాడు ఉస్తాదు. టీ గ్లాసు వణుకుతుంటే రెండో చేయి ఆనించి, మళ్ళీ తాగాడు.

ఇంకోరోజు మునీంద్ర ఉండబట్టలేక అడిగేశాడు. "నా చేతిలో పనితనం లేదా ఉస్తాద్? ఉంది కదా? మరి వీళ్ళు నా మాట ఎందుకు నమ్మరు?"

ఉస్తాదు చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "నీకు ఇంజను బాగా తెలుసు," అని మాత్రం అని, లేచి లోపలికి వెళ్ళాడు. ఆ మాట మెచ్చుకోలో కాదో మునీంద్రకు తేలలేదు. రాత్రి అన్నం ముందు కూర్చుని కూడా అదే ఆలోచించాడు.

అప్పటికి రెడ్డెప్ప బండి రెండుసార్లు షెడ్డుకు వచ్చి పోయింది.

రెడ్డెప్ప కింది ఊళ్ళో చిన్న రైతు. పాత పికప్ ఒకటి కొని, తన కాయా పక్క చేన్లవాళ్ళ కాయా మార్కెట్టుకు తోలుతున్నాడు. బండి కనుమలో ఆగిపోతోందన్నది అతని ఫిర్యాదు. మొదటిసారి మునీంద్ర డీజిల్ ఫిల్టర్ మార్చాడు. రెండోసారి నాజిళ్ళు విప్పి కడిగాడు, పైపుల్లో గాలి తీశాడు. రెండుసార్లూ బైపాస్ మీద తోలి చూశాడు. ఖాళీ బండి ఈల వేసుకుంటూ పోయింది. ఉస్తాదు ఆ రెండు రోజులూ ఊళ్ళో లేడు. పై ఊళ్ళో చెల్లెలికి జబ్బు చేస్తే వెళ్ళాడు.

మూడోసారి రెడ్డెప్ప పొద్దున్నే లోడుతోనే వచ్చాడు. క్రేట్ల మీద తాడు బిగించి ఉంది. పక్క సీటులో అతని భార్య గంగులమ్మ కూర్చుని ఉంది.

"మేస్త్రీ, నిన్న గూడా ఆగిపోయింది," అన్నాడు రెడ్డెప్ప దిగీ దిగకముందే.

మునీంద్ర వేరే బండి కింద పడుకుని ఉన్నాడు. బయటికి రాలేదు. "యాడ?"

"కనుమలోనే. రోంతసేపు బాగనే ఎక్కతాది. ఆ తర్వాత..."

"ఏ గేరులో ఎక్కిస్తివి?"

"సెకండులోనే మేస్త్రీ. మలుపు తిరిగినాక ఏమైతాదంటే..."

"లోడెంత?"

రెడ్డెప్ప క్రేట్ల తాడు సవరించాడు. "ఎప్పుడూ ఏసేదే."

మునీంద్ర బండి కిందనే నవ్వాడు. మెల్లగా బయటికి జరిగి, చేతులు గుడ్డకు తుడుచుకుని, క్రేట్ల వరసల్ని కింది నుంచి పైదాకా ఒక చూపు చూశాడు. ఆ చూపుకు రెడ్డెప్ప తల దించుకున్నాడు. నిజంగానే లోడు ఎక్కువే ఉంది. మునీంద్ర బానెట్ ఎత్తి, ఇంజను స్టార్ట్ చేయించి, స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. ఏ లోపమూ లేని చప్పుడు.

"ఇంజను బంగారం మాదిరి ఉంది రెడ్డెప్పన్నా. దీనికి ఏ జబ్బూ లేదు. జబ్బంతా నీ లోడుది. సగం ఏసుకుని పో, అదే ఎక్కతాది."

"సగం ఏసి గూడా చూస్తి మేస్త్రీ. ఆగినాక ఏమైతాదంటే..."

"చెప్తి గదన్నా," అని మునీంద్ర బానెట్ దించేశాడు.

రెడ్డెప్ప బెంచీ వైపు చూశాడు. ఉస్తాదు అక్కడే ఉన్నాడు. కానీ రెడ్డెప్పను చూడటం లేదు. బండి ముందుసీటు వైపు చూస్తున్నాడు. గంగులమ్మ కుడిచేతికి పాత చీర గుడ్డ చుట్టి ఉంది. ఒళ్ళో ఒక రాయి ఉంది. కొబ్బరికాయ కన్నా పెద్దది, ఒక పక్క పలకగా ఉంది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది.

ఉస్తాదు లేచి బండి దగ్గరికి వెళ్ళాడు.

"ఏం తల్లీ, చేతికేమైంది?"

ఆమె కొంగు కప్పుకుంది. "ఏం లేదు సామీ. నలిగింది."

"ఎట్ల నలిగింది?"

గంగులమ్మ మొగుడి వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. "కనుమలో బండి ఆగిపోతే వెనక్కి జారతాది గదా సామీ. నేను బిరీన దిగి టైరు కింద రాయి పెడతా. మొన్న పెట్టేటప్పుడు రోంత ఆలస్యమైంది నాకు."

తప్పు తనదే అన్నట్టు చెప్పింది.

ఇంజను ఆగితే బ్రేకు పెడల్ గట్టిపడిపోతుందని, రెండు కాళ్ళతో తొక్కినా సరిగా పట్టదని, ఆ లోడుకు ఆ ఎక్కుడులో హ్యాండ్‌బ్రేకు నిలవదని మునీంద్రకు తెలియనిది కాదు. అక్కడ ఆ పని అతనికన్నా బాగా తెలిసినవాడు లేడు. అయినా కనుమలో ఇంజను ఆగిందని ఇన్నిసార్లు విన్నప్పుడు, ఆగిన ఇంజను మాత్రమే అతని కళ్ళకు కట్టింది. దాని వెనక లోయ ఉందనీ, లోపల మనుషులున్నారనీ తోచలేదు.

"వేళ్ళు కదులుతున్నాయా?" అన్నాడు ఉస్తాదు.

"ఇవి కదుల్తాయి. ఈ రెండూ తెలీడం లేదు సామీ."

"ఈ పొద్దు పోకపోతే ఏం నాయనా?" అన్నాడు ఉస్తాదు రెడ్డెప్పతో.

"కోసిన కాయ ఉస్తాదూ. నిన్నటిది. రేపటికి నీళ్ళు కారిపోతాది. నాదొక్కనిదే అయితే పారబోసుకుందును. పక్కోళ్ళది గూడా ఉండాది. వేరే బండి కోసం ఊరంతా తిరిగితి. ఈ సీజన్లో ఖాళీ బండి యాడ దొరుకుతాది?" రెడ్డెప్ప భార్య వైపు చెయ్యి చూపాడు. "దీన్ని ఇంటికాడ ఉండమంటే ఉండదు. నువ్వొక్కడివే పోతే రాయి ఎవరు పెడతారంటాది."

ఉస్తాదు బండి తలుపు తీశాడు.

"దిగు తల్లీ."

ఆమె దిగింది. ఉస్తాదు ఆమె చేతిలోంచి రాయి అందుకున్నాడు. ఆ వణికే చేతుల్లో రాయి జారబోయింది. అది చూసి మునీంద్ర గబుక్కున ముందుకొచ్చి పట్టుకున్నాడు. పట్టుకున్నాక అది తన చేతిలోనే ఉండిపోయింది. ఉస్తాదు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఆ సీటు ఖాళీగా ఉంది బేటా," అన్నాడు.

అంతే అన్నాడు. మునీంద్ర ఒకసారి రాయి వైపు, ఒకసారి ఉస్తాదు వైపు చూశాడు. ముఖం ఎర్రబడింది. పదిమంది చూస్తుండగా ఇదేం శిక్ష అనుకున్నాడు. కానీ ఉస్తాదు మాటకు ఎదురు చెప్పే అలవాటు లేదు. ఎక్కి కూర్చున్నాడు.

గంగులమ్మే కంగారుపడింది. "వద్దు సామీ, ఆ అబ్బికి అలవాటు లేదు. నేనే పోతా." ఉస్తాదు తల అడ్డంగా ఊపాడు. ఆమె కిటికీ దగ్గరికి వచ్చి, మునీంద్ర చేతి మీద తన మంచి చెయ్యి వేసింది.

"నాయనా, బండి వెనక్కి రాకముందే దిగాల. వచ్చినాక దిగితే అందదు. నీ పక్క వెనక టైరుకే పెట్టు. పెట్టినాక చెయ్యి చూసుకుని తీసుకో."

మునీంద్ర సరేనన్నట్టు తలూపాడు. పని చెప్పించుకోవడం అతనికి నచ్చలేదు.

బండి కదిలింది. ఊరు దాటి, చెక్‌పోస్టు దాటి, కనుమ మొదట్లో రెడ్డెప్ప స్టీరింగుకు దణ్ణం పెట్టుకున్నాడు. మునీంద్ర రాయిని కాళ్ళ మధ్య పెట్టుకుని, చెవి మాత్రం ఇంజను మీద ఉంచాడు. బండి సెకండు గేరులో బరువుగా, నిలకడగా ఎక్కుతోంది. ఏ లోపమూ లేదు. మొదటి మలుపులు దాటాయి. ఉస్తాదుకు ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంటున్నాడు. చూస్తివి కదా ఉస్తాద్, బండిలో ఏమీ లేదు, ఆయప్పది వట్టి భయం అని చెప్పాలనుకున్నాడు.

సగం కనుమ ఎక్కాక, ఒక పెద్ద మలుపు తిరిగి, నిట్టనిలువుగా ఉన్న ఎక్కుడు మొదలైన చోట ఇంజను గొంతు సన్నబడింది.

మునీంద్ర ముందుకు వంగాడు. ఒళ్ళు జలదరించింది. అతనికి కలిగింది భయం కాదు, సంతోషం. దొరికింది! ఇన్నాళ్ళూ తన ముందు బయటపడని జబ్బు ఇప్పుడు తన చెవిలో పలుకుతోంది. "డీజిల్ అందడం లేదు," అన్నాడు పైకే. చెవి డాష్‌బోర్డుకు ఆనించాడు. పంపు దగ్గరా? పైపులోనా?

"దిగు మేస్త్రీ!" అన్నాడు రెడ్డెప్ప.

"ఉండన్నా, విననీ..."

"దిగు సామీ, దిగు, దిగు!"

ఇంజను ఒక్కసారి ఎగిరి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో కంకర నలుగుతున్న చప్పుడు వినిపించింది. టైర్లు వెనక్కి తిరుగుతున్నాయని అర్థం కావడానికి అతనికి ఒక క్షణం పట్టింది. పక్కన రెడ్డెప్ప సీటులోంచి పైకి లేచి, రెండు కాళ్ళూ బ్రేకు మీద పెట్టి, స్టీరింగు పట్టుకుని వేలాడుతున్నాడు. మెడ నరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి.

మునీంద్ర రాయితో దూకాడు. మోకాలు చీరుకుపోయింది. లేచేసరికి టైరు అతన్ని దాటి వెనక్కి పోతోంది. వెంట పరుగెత్తి రాయి వేశాడు. టైరు దాన్ని పక్కకు తన్నేసింది. మళ్ళీ ఎత్తాడు. గంగులమ్మ చెప్పిన మాట అప్పుడు చెవిలో మోగింది. అందదు. బండి అంచువైపు తిరుగుతోంది. పై వరస నుంచి ఒక క్రేటు పడి, కాయ రోడ్డంతా దొర్లుకుంటూ కిందికి పోతోంది. అతను టైరు వెనక్కి వెళ్ళి, గొంతుక్కూర్చుని, రాయిని రెండు చేతులా నేలకు అదిమి పట్టుకున్నాడు. ఈసారి వదల్లేదు. వదిలితే అది మళ్ళీ జారిపోతుందని తెలిసిపోయింది.

టైరు రాయి మీదికి ఎక్కింది. రాయి కంకరలోకి దిగింది. బండి ఆగింది.

చివరి క్షణంలో చేతులు ఎప్పుడు లాక్కున్నాడో అతనికే తెలియదు. వేళ్ళు చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. వెనక్కి తిరిగి చూశాడు. రోడ్డు అంచున పిట్టగోడ విరిగిపోయి ఉంది. దాని అవతల చింతచెట్ల తలలు కనిపిస్తున్నాయి. బండి తోకకీ ఆ అంచుకీ మధ్య ఒక మనిషి పడుకునేంత చోటే ఉంది.

అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయాడు.

రెడ్డెప్ప దిగి వచ్చి, ఇంకో రాయి తెచ్చి రెండో టైరుకు కూడా పెట్టాడు. మునీంద్రను ఒక్క మాట అనలేదు. దొర్లిపోయిన కాయ వైపు కూడా చూడలేదు. వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మొదట్లో మా గంగులమ్మకు గూడా ఇట్లే వణికేటివి చేతులు," అన్నాడు. "రాత్రుళ్ళు నిద్రలో లేచి కూర్చునేది."

కొంతసేపటికి మునీంద్రకు ఊపిరి కుదురుకుంది. రెడ్డెప్ప లేచి బానెట్ ఎత్తబోయాడు. మేస్త్రీ అదే అడుగుతాడనుకున్నాడు.

"వద్దన్నా," అన్నాడు మునీంద్ర. "కూర్చో. చెప్పు. మొదట్నుంచీ చెప్పు."

రెడ్డెప్ప అనుమానంగా చూశాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు. చదును రోడ్డు మీద ఎప్పుడూ ఆగలేదన్నాడు. ఖాళీగా వస్తే కనుమలోనూ ఆగదన్నాడు. లోడుతో, చాలాసేపు ఒకే బిగిన ఎక్కితేనే ఇట్లా అవుతుందన్నాడు. మధ్యలో గంగులమ్మ సంగతి వచ్చింది, పొలం సంగతి వచ్చింది. మునీంద్ర ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

"ఆగినాక ఏమైతాదంటే మేస్త్రీ, ఏమీ చెయ్యక్కరలేదు. ఊరికే ఒక బీడీ తాగేంత సేపు ఉంటే చాలు. మళ్ళా తాళం తిప్పితే దానంతటదే అందుకుంటాది, ఏమీ ఎరగనట్టు. అందుకే మీరు చూసేటప్పటికి బాగుంటాది. ఇదే మీకు చెప్పాలని ఒగటే తన్నుకులాడతాంటి."

మునీంద్ర కళ్ళు మూసుకున్నాడు. టాంకులో ఏదో ఉంది. గట్టిగా లాగినప్పుడు అది వచ్చి డీజిల్ పైపు మూతికి అంటుకుంటోంది. ఇంజను ఆగితే లాగుడు పోయి, విడిపోయి పడుతోంది. ఈ మాట రెడ్డెప్ప నోట్లో మొదటి రోజు నుంచీ ఉంది.

రెడ్డెప్ప ఎక్కి తాళం తిప్పాడు. అతను చెప్పినట్టే బండి అందుకుంది. మునీంద్ర మాత్రం ఎక్కలేదు.

"ఫస్టులో మెల్లగా పోనీ అన్నా. మధ్య మధ్యలో ఆపుకుంటా పోదాం. నేను టైరు పక్కన నడుస్తా."

"అంత దూరమా మేస్త్రీ?"

"పోనీ అన్నా."

మిగతా కనుమంతా మునీంద్ర రాయి భుజాన పెట్టుకుని నడిచాడు. ఎదురొచ్చే బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. తెలిసినవాళ్ళు ఏమైందని కేకేశారు. అతను చూపు టైరు మీదే ఉంచాడు. దారిలో ఇంజను మళ్ళీ గొంతు మార్చింది. ఈసారి అతను వినడానికి ఆగలేదు. చప్పుడు సన్నబడగానే రాయి నేల మీద ఉంది. పైకి చేరేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయి, భుజం కమిలిపోయింది.

కాయ దింపి, ఖాళీ బండితో షెడ్డుకు వచ్చేసరికి ఎండ తిరిగింది. గంగులమ్మ బెంచీ మీద ఉంది. చేతికి తెల్లటి కొత్త కట్టు ఉంది. ఉస్తాదు ఆమెను పెద్దాసుపత్రికి తీసుకుపోయి వచ్చాడు.

మునీంద్ర ఆ కట్టు వైపు చూశాడు.

"ఒక వేలు దక్కుతుందన్నారు," అన్నాడు ఉస్తాదు. "చిటికెనవేలు దక్కదన్నారు. ముందే వచ్చుంటే చూసేవాళ్ళమన్నారు."

మునీంద్ర నీళ్ళు కూడా తాగకుండా బండి కిందికి దూరాడు. టాంకు దించాడు. డీజిల్ వంచి, టాంకును అటూ ఇటూ ఊపి, దాని మూతిలోకి తీగ పెట్టి వెతికాడు. చివరికి అరచేతి అంత పల్చటి ప్లాస్టిక్ కవరు ముక్క బయటపడింది. నానిపోయి, నీరుల్లి పొర మాదిరి ఉంది.

దాన్ని చూడగానే రెడ్డెప్ప ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"ఇది... క్యానులో డీజిల్ తెచ్చుకుంటా గదా మేస్త్రీ. మూత వదులైందని మూతికి కవరు కడతా. దాని ముక్కే ఇది. పోసేటప్పుడు..." అతను భార్య చేతి వైపు చూశాడు. "అంటే తప్పు నాదేనా? నేను చేసిందేనా ఇదంతా?"

షెడ్డులో ఉన్నవాళ్ళంతా మునీంద్ర వైపు తిరిగారు. ఇలాంటి చోట అతను ఊరుకోడని అందరికీ తెలుసు. ఓనర్ల తప్పు ఓనర్లకు చూపించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

మునీంద్ర కవరు ముక్కను నలిపి చెత్తడబ్బాలో పడేశాడు. "టాంకు ఖాళీ అయింది గదన్నా, లోపల బాగా కడుగుదాం. రోంత డీజిల్ బకెట్టులో పోసి ఇట్లియ్యి," అన్నాడు.

సాయంత్రానికి టాంకు ఎక్కింది. రెడ్డెప్ప భయం భయంగా అడిగాడు. "బాగైపోయినట్టేనా మేస్త్రీ?"

"ఏమోనన్నా. రేపు లోడుతో నేనొస్తా. ఎక్కి చూసినాక చెప్తా."

మునీంద్ర నోటి నుంచి ఏమో అన్న మాట రావడం షెడ్డులో అదే మొదలు. ఉస్తాదు తలెత్తి చూశాడు. మళ్ళీ తస్బీ పూసలు తిప్పుకోవడంలో పడిపోయాడు.

మర్నాడు పొద్దున మునీంద్ర గంగులమ్మ సీటులో కూర్చున్నాడు. రాయి ఒళ్ళో పెట్టుకున్నాడు. కనుమ మొదలైనప్పట్నుంచీ తలుపు సగం తెరిచి పట్టుకుని, ఒక కాలు బయటపెట్టే ఉంచాడు. విరిగిన పిట్టగోడ దగ్గర రెడ్డెప్ప ఊపిరి బిగబట్టాడు. బండి ఆగలేదు. ఆ పై ఎక్కుడులో కూడా ఆగలేదు. మార్కెట్టు గేటు కనిపించాక రెడ్డెప్ప బండి పక్కకు తీసి, తనే ఇంజను ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. మునీంద్ర కిందికి దిగుదామనుకుంటే, రాయిని పట్టుకున్న వేళ్ళు విడివడలేదు. ఒక్కొక్కటీ విప్పుకోవాల్సి వచ్చింది.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి గంగులమ్మ షెడ్డు బయట రోడ్డు మీదే నిలబడి ఉంది. ముందు మొగుణ్ణి చూసింది. తర్వాత బండిని చూసింది.

మునీంద్ర దిగి ఆమె దగ్గరికి వెళ్ళాడు. "ఇంక నువ్వు దిగే పని లేదమ్మా," అన్నాడు.

ఆమె తలూపింది. కళ్ళు తుడుచుకుంది. అతను అక్కడి నుంచి కదల్లేదు. చెప్పాల్సింది ఇంకా ఉంది. ఎట్లా చెప్పాలో తెలియలేదు.

"మీరు అన్ని తూర్లు వచ్చినారు," అన్నాడు చివరికి. "నువ్వు ప్రతిసారీ ముందు సీటులోనే ఉంటివి. ఆ రాయి ఒళ్ళోనే ఉండె. నేను ఒక్కసారన్నా నిన్ను చూడలేదమ్మా."

తల ఎత్తలేకపోయాడు.

గంగులమ్మ కట్టు ఉన్న చేతిని ఎత్తి, దాంతో పని కాదని గుర్తొచ్చి, ఎడమ చేత్తో అతని భుజం నిమిరింది.

"అట్లనొద్దు నాయనా," అంది. "నువ్వు బండిని చూస్తాంటివి గదా."

ఎత్తిపొడవడానికి అనలేదు ఆమె. పిల్లవాడు బాధపడుతున్నాడని, ఓదార్చడానికే అంది.

బెంచీ మీద ఉస్తాదు కళ్ళు మూసుకున్నాడు. మునీంద్ర ఆమెను తీసుకొచ్చి ఆ పక్కనే కూర్చోబెట్టి, టీ తెప్పించాడు.